మన్ను కాచే గడ్డి

కంకిపాడు పరిసరాలలో నిలిచి నాలుగు దిక్కులు చూచినవారికి నేలకు ఎత్తుపల్లాలు ఉన్నవన్న సంగతే స్ఫురించదు. విజయవాడ నుండి మచిలీపట్నం పోయే రహదారికి ఇరుప్రక్కల వరిమళ్ళు, చెరకు తోటలు, మినుము చేలు పరచిన చాపవలె కనిపిస్తాయి. వాన కురిసినప్పుడు నీరు ఎటు పారవలెనో తెలియనట్లు మడిలోనే నిలిచిపోతుంది. దానిని మురుగు కాలువకు పంపుకోవడమే ఇక్కడి రైతు పడే పాటు. పొలం కోసుకొనిపోవడమంటే ఏమిటో ఈ ప్రాంతపు విద్యార్థికి పాఠ్యపుస్తకంలో చదివితే తప్ప తెలియదు. తోట్లవల్లూరు లంకల అంచున వరద పారిన మరునాడు చూచినవారికి మాత్రం కొంత తెలుసు.

అయినా ఆ చదునునేలకు పుట్టిల్లు వాలు పొలమే. సహ్యాద్రి మీద మహాబలేశ్వరం వద్ద పుట్టిన కృష్ణానది సుమారు 1,400 కిలోమీటర్లు ప్రయాణం చేసి, భీమను, తుంగభద్రను, మూసీని, మున్నేరును తనలో కలుపుకొని, విజయవాడ కొండల నడుమ నుండి బయటపడేసరికి వేగం కోల్పోతుంది. వేగం తగ్గిన నీరు మోసుకొని వచ్చిన బరువును దించివేస్తుంది. అట్లా వేల ఏండ్లపాటు దించిన బరువే కృష్ణా డెల్టా. కంకిపాడు రైతు దున్నుతున్న మన్నులో దక్కను పీఠభూమి మీది మెట్టచేలు ఎన్నో ఒండ్రుగా మారి ఉన్నవి. ఒకచోట కరిగిన పొలమే మరొకచోట పొలమైనది. కనుక వాలు నేలలను కాపాడుకోవడమెట్లా అనే ప్రశ్న మెట్ట రైతుది మాత్రమే కాదు. డెల్టా రైతుకూ అందులో భాగమున్నది. ఆ ప్రశ్నకు లభించిన సమాధానాలలో చాల చౌకైనది, చాల పాతది, చాలమంది మరచినది ఒకటి ఉన్నది. అది వాలుకు అడ్డంగా పెంచే గడ్డి వరుస.

చినుకు చేసే పని

నేల కోతకు మొదటి కారణం ప్రవాహం కాదు, చినుకు. పెద్ద వానచినుకు నేలను తాకేటప్పుడు దాని వేగం సెకనుకు సుమారు 9 మీటర్లు ఉంటుంది. ఆకు గాని, గడ్డి గాని అడ్డములేని నేల మీద ఆ చినుకు చిన్న సుత్తివలె పడుతుంది. మట్టి గడ్డ చిట్లి రేణువులు ఎగిరిపడతాయి. చదునునేలలో అటు ఎగిరినవి అటు, ఇటు ఎగిరినవి ఇటు పడి లెక్క సరిపోతుంది. వాలు నేలలో పల్లానికి ఎగిరినవి ఎక్కువ దూరం పోతాయి. సన్నని రేణువులు నేల రంధ్రాలలో దిగి వాటిని పూడ్చివేయడం వలన పైన పొరకట్టి నీరు ఇంకడం తగ్గిపోతుంది. ఇంకని నీరు పారడం మొదలుపెడుతుంది.

ఆ పారే నీరు తొలుత పలుచని దుప్పటివలె పొలమంతా కప్పుకొని జారుతుంది. దీనిని శాస్త్రజ్ఞులు పొరకోత అంటారు. ఇది కంటికి కనిపించదు గనుక చాల అపాయకరమైనది. తరువాత నీరు పల్లపు జాడలు వెదకుకొని సన్నని గీతలుగా పారుతుంది. గీతలు కలిసి గాళ్ళవుతాయి. గాళ్ళు కలిసి వాగులవుతాయి. నీటి వేగం రెట్టింపయితే దాని శక్తి నాలుగు రెట్లవుతుంది. వాలు పొడవు పెరిగినకొద్దీ వేగం పెరుగుతుంది. ఇందులోనే వ్యాధికి మందు కూడ దాగి ఉన్నది. వాలు ఎంత నిటారుగా ఉన్నదన్నది రైతు మార్చగలిగినది కాదు. నీరు ఆటంకం లేకుండ ఎంత దూరం పరుగెత్తుతుందన్నది మాత్రం అతని చేతిలో ఉన్నది.

దేశం మొత్తం మీద ఏటా కదలిపోయే మన్ను 533 కోట్ల టన్నులకు పైగా ఉంటుందని, అది హెక్టారుకు సగటున 16.35 టన్నులని 1983లో భూసంరక్షణ శాస్త్రజ్ఞులు ధ్రువనారాయణ, రాంబాబు అంచనా కట్టారు. అందులో 29 శాతం సముద్రంలో కలుస్తుందని, 10 శాతం జలాశయాలలో పూడుతుందని, మిగిలినది ఒకచోటి నుండి మరొకచోటికి జరుగుతుందని వారి లెక్క. ఈ అంకెను ఎకరాకు మార్చి చూస్తే సుమారు ఆరున్నర టన్నులు. ఎడ్లబండికి ముప్పాతిక టన్ను చొప్పున ఎత్తినా, ఏటా తొమ్మిది బండ్ల మన్ను పొలం దాటి పోతున్నదన్నమాట. తొమ్మిది బండ్ల ఎరువు ఎవరైనా తోలుకొనిపోతే ఊరంతా కూడుతుంది. తొమ్మిది బండ్ల మన్ను పోతే మాత్రం ఎవరికీ తెలియదు. ఎందుకంటే, పొలమంతటా పరిస్తే దాని మందం ఒక మిల్లీమీటరుకు కొంచెం పైచిలుకు మాత్రమే. కాని ఒక రైతు యాభై ఏండ్ల సేద్యకాలంలో ఆ మిల్లీమీటర్లు కూడి దాదాపు ఆరు సెంటీమీటర్లవుతాయి. జానెడు లోతులోనే రాయి తగిలే ఎర్ర చెలకలలో ఆరు సెంటీమీటర్లంటే పొలంలో సుమారు నాలుగవ వంతు.

మట్టి గట్టు, గడ్డి గట్టు

కోతను ఆపడానికి దేశంలో విరివిగా చేపట్టిన పని సమోన్నత గట్లు పోయడం. భూమి మీద ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ గీసిన గీత సమోన్నత రేఖ. ఆ రేఖ వెంబడి మట్టి తవ్వి గట్టుగా పోస్తారు. ఈ విధానం సత్ఫలితాలను ఇవ్వకపోలేదు. కాని మట్టి గట్టుకు సహజమైన లోపం ఒకటి ఉన్నది. అది నీటిని పూర్తిగా ఆపవలెనని చూస్తుంది. కాలువ తీసి ప్రక్కకు మళ్ళించవలెనని చూస్తుంది. పెద్ద వాన కురిసినప్పుడు గట్టు ఎక్కడ బలహీనంగా ఉన్నదో అక్కడ తెగుతుంది. పొలమంతా పరచుకొని పోవలసిన నీరు ఆ ఒక్క గండి నుండి పరుగెత్తి, గట్టు లేకున్నప్పటికంటె లోతైన గాడిని కోస్తుంది. నల్లరేగడి నేలలలో వేసవిలో గట్లు బీటలు వారడం వలన ఈ బెడద మరింత ఎక్కువ. ఏటేటా మరమ్మతు చేయవలసిందే. గట్టుకు మట్టి తీసిన చోట గుంట పడుతుంది. ఆ మేరకు సాగునేల తగ్గుతుంది.

గడ్డి వరుస చేసే పని వేరు. అది ఆనకట్ట కాదు, వడపోత గుడ్డ. దట్టంగా నాటిన గడ్డి దుబ్బుల మధ్యకు వచ్చిన నీరు ఆగదు, నెమ్మదిస్తుంది. నెమ్మదించిన నీరు వరుస పొడవునా పరచుకొంటుంది. తెచ్చిన ఒండ్రును వరుసకు ఎగువన దించి, తాను మాత్రం గడ్డి నడుమ నుండి వడగట్టినట్లు దిగువకు జారుతుంది. ఒక వరుస దాటిన నీరు మళ్ళీ వేగం పుంజుకొనేలోగా మరొక వరుస ఎదురవుతుంది. పొలంలో నీరు నిలిచిన కాలం పెరగడం వలన ఇంకే నీరు పెరుగుతుంది. ఏటేటా దిగిన ఒండ్రు వరుసకు ఎగువన పోగై, నాలుగైదేండ్లకు ఎవరూ పార పట్టకుండానే వాలు పొలం మెట్లు మెట్లుగా మారడం ఆరంభిస్తుంది. మట్టి గట్టు కట్టిన మరునాటి నుండి అరిగిపోతుంది. గడ్డి గట్టు నాటిన మరునాటి నుండి పెరుగుతుంది.

వేసవి వేరు, పొలం వేరు

ఈ పనికి తగిన గడ్డి ఏది? దుబ్బుకట్టి దట్టంగా పెరగవలెను, వరదకు వంగిపోరాదు, పశువులు మొదలంట మేయరాదు, ఎండకు చావరాదు, వేళ్ళు లోతుకు పోవలెను గాని ప్రక్కకు పాకి పైరు తిండిని దొంగిలించరాదు, విత్తనం రాలి పొలమంతా కలుపై మొలవరాదు. ఇన్ని గుణాలు ఒకేచోట కూడడం అరుదు. చిత్రమేమంటే, వాటిని ధరించిన మొక్క ఆంధ్రులకు కొత్తది కాదు. అది వట్టివేరు.

విజయవాడ ఎండలు ఎరిగినవారికి వట్టివేళ్ళ తడికలను పరిచయం చేయనక్కరలేదు. కిటికీకి కట్టి నీళ్ళు చల్లితే గదిలోకి వచ్చే గాలి చల్లబడి పరిమళిస్తుంది. మంచినీళ్ళ కుండలో రెండు వేళ్ళు వేసే అలవాటు కూడ ఉన్నది. సంస్కృతంలో దీనిని ఉశీరమన్నారు. ఆయుర్వేదం దీనిని దాహశాంతికి వాడింది. తమిళంలోని వెట్టివేరు అనే మాటే ఇంగ్లీషులో వెటివర్ అయినది. వృక్షశాస్త్రజ్ఞులు పూర్వం వెటివేరియా ప్రజాతిలో చేర్చిన ఈ మొక్కను ఇప్పుడు క్రైసోపోగన్ జిజానియాయిడిస్ అంటున్నారు.

వేరును ఎరిగినవారు సైతం దాని మీది గడ్డిని గమనించినది తక్కువ. ఆ గడ్డి నిటారుగా మనిషి ఎత్తు వరకు పెరుగుతుంది. కాడలు గట్టివి. వేళ్ళు ప్రక్కలకు కాక సూటిగా క్రిందికి దిగుతాయి. అనువైన నేలలో రెండు మూడు మీటర్ల లోతుకు పోతాయి. ముదిరిన ఆకు గరుకుగా ఉండడం వలన పశువులు అంతగా ఇష్టపడవు. లేత ఆకును మాత్రం మేస్తాయి. దక్షిణదేశంలో సాగులో ఉన్న రకానికి మొలకెత్తే విత్తనం పట్టదు. అందుచేత దుబ్బును చీల్చి పిలకలు నాటితే తప్ప అది వ్యాపించదు. ఎక్కడ నాటితే అక్కడే ఉంటుంది. నాటని చోటికి రాదు. సేద్యగానికి ఇంతకంటె మర్యాద తెలిసిన మొక్క దొరకడం కష్టం.

గుండ్లుపేట నుండి ఫిజీ వరకు

ఈ గుణాన్ని కనిపెట్టినది ఏ ప్రయోగశాల కాదు. కర్ణాటకలోని గుండ్లుపేట ప్రాంతపు రైతులు అనేక తరాలుగా తమ పొలాల సరిహద్దులలో వట్టివేరు గడ్డిని నాటుకొంటూ వచ్చారు. అది వారికి హద్దురాయి, కరువునాటి మేత, నేలకు కంచె. లేతగా ఉన్నప్పుడు కోసి పశువులకు వేస్తారు. సరిహద్దు వరుసలు ఒండ్రును ఆపి, పొలానికీ పొలానికీ మధ్య ఎత్తులో తేడాను సృష్టించాయి.

1950 దశకంలో పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవిలో జాన్ గ్రీన్‌ఫీల్డ్ అనే వ్యవసాయ నిపుణుడు కొండవాలులోని చెరకు తోటల మన్నును నిలపడానికి ఇదే గడ్డిని వరుసలుగా నాటించాడు. ఫిజీ చెరకు తోటలతో తెలుగువారికీ సంబంధమున్నది. 1903 నుండి మద్రాసు రేవు మీదుగా అక్కడికి ఒప్పందపు కూలీలుగా వెళ్ళిన దక్షిణ భారతీయులలో తెలుగువారు చాలమంది. వారి సంతతి నేటికీ ఆ దీవులలో నివసిస్తున్నారు. ముప్ఫై ఏండ్ల తరువాత చూస్తే ఆ గడ్డి వరుసలు అట్లే నిలిచి, వెనుక ఒండ్రు పోగై వాలు మెట్లుగా మారి ఉన్నది.

1980 దశకంలో గ్రీన్‌ఫీల్డ్, ఆయన సహచరుడు రిచర్డ్ గ్రిమ్‌షా ప్రపంచ బ్యాంకు పక్షాన భారతదేశంలో పనిచేశారు. వర్షాధార ప్రాంతాల పరీవాహక అభివృద్ధికై నాలుగు రాష్ట్రాలలో చేపట్టిన మార్గదర్శక పథకానికి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికయినది హైదరాబాదుకు సమీపంలోని మహేశ్వరం. అది నేటి తెలంగాణలోని రంగారెడ్డి జిల్లాలో ఉన్నది. కర్ణాటకలో కబ్బాలనాల అటువంటిది. ఖర్చుతో కూడిన మట్టి పనికి బదులు వట్టివేరు వరుసలను వాడవచ్చునని వారు ప్రచారం చేశారు. 1987లో ఒక కరదీపిక ప్రకటించారు. మహేశ్వరం ఎర్రనేలలు కృష్ణా పరీవాహకంలోనివే. అంటే అక్కడ నిలిచిన ప్రతి గుప్పెడు మన్నూ కృష్ణలోకి పోవలసిన మన్నే.

పటాన్‌చెరువులో 1972లో స్థాపితమైన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ ఈ గడ్డిని కొలతతో పరీక్షించినది. వట్టివేరును, నిమ్మగడ్డిని, రాతి కట్టలను ప్రక్కప్రక్క చెక్కలలో ఉంచి, ఏ అడ్డమూ లేని చెక్కతో పోల్చారు. మూడింటిలో వట్టివేరే మేలనిపించుకొన్నది. 2.8 శాతం వాలులో వట్టివేరు చెక్క నుండి పారిన నీరు అడ్డములేని చెక్క నుండి పారినదానిలో 44 శాతం మాత్రమే; 0.6 శాతం వాలులో 16 శాతం మాత్రమే. సగటున పారే నీరు 69 శాతం, పోయే మన్ను 76 శాతం తగ్గినట్లు 1992లో వెలువడిన ఫలితాలు తెలిపాయి. మరుసటి ఏడు అమెరికా జాతీయ పరిశోధనా మండలి ఈ గడ్డి మీద ఒక గ్రంథాన్నే ప్రకటించినది. ఎంతగానో మెచ్చుకొంటూనే, ఒక్క మొక్క మీద సర్వభారమూ వేయరాదని, ఇంకా కొలతలు కావలెనని ఆ గ్రంథకర్తలు హెచ్చరించడం గమనింపదగినది.

ఎందుకు వ్యాపించలేదు?

ఇంత మంచి ఉపాయం ఊరూరా ఎందుకు కనిపించదనే సందేహం విద్యార్థికి కలగక మానదు. అది న్యాయమైన సందేహమే. సమాధానం గడ్డిలో కాక, పొలం ఉన్న తీరులో ఉన్నది.

సమోన్నత రేఖ భూమిని అనుసరిస్తుంది; పొలం హద్దు దస్తావేజును అనుసరిస్తుంది. రెండూ కలియవు. రెండెకరాల రైతు పొలం నడుమ వంకరగా గడ్డి వరుస పోతే నాగలి తిరగడానికి ఇబ్బంది, ట్రాక్టరుకు మరింత ఇబ్బంది. అతడు హద్దు గట్టు మీద నాటడానికి ఒప్పుకొంటాడు గాని పొలం మధ్య నాటడానికి వెనుకాడతాడు. గుండ్లుపేట రైతు నాటినది హద్దు మీదనే అన్న సంగతి ఇక్కడ జ్ఞాపకముంచుకోవలెను. పైగా ఎగువ పొలంవాడు నాటితే దిగువ పొలంవాడికి మేలు. ఎగువవాడు నాటకపోతే దిగువవాడు నాటిన వరుస మీద మొత్తం వరద వచ్చి పడుతుంది. ఇది ఒకరు చేసుకొనే పని కాదు, వాలు మొత్తం కలిసి చేయవలసిన పని.

రెండవది, తొలి ఏటి సంరక్షణ. పిలకలను వాన పదునులో నాటి, చచ్చినచోట మళ్ళీ నాటి, పశువులు త్రొక్కకుండ కాచుకోవలెను. ఒక్క సందు మిగిలినా నీరు దానినే వెదకుకొంటుంది. అప్పుడు మట్టి గట్టుకు గండి పడినట్లే అవుతుంది. వరుస సందులేకుండ కలియడానికి రెండు మూడేండ్లు పడుతుంది. పంట కోసుకొన్న తరువాత పశువులను చేలలో విడిచిపెట్టే ఊళ్ళలో, అందులోనూ కరువు ఏడాదిలో, లేత గడ్డిని దక్కించుకోవడం సులభం కాదు. చెట్ల నీడలో అది సరిగా పెరగదు. ఇప్పటికే లోతుగా తెగిన వాగును గడ్డి ఒక్కటే ఆపజాలదు. అక్కడ రాతి కట్టడం కావలెను.

మూడవది, కౌలు. ఈ ఏటికి పొలం తనది, వచ్చే ఏటికి ఎవరిదో తెలియని కౌలుదారు మూడేండ్లకు ఫలించే వరుసను నాటుతాడని ఆశించడం అన్యాయం. మన్ను కాపాడుకొమ్మని చెప్పేవారు ముందు మన్ను ఎవరిదో చూడవలసి ఉన్నది.

పరిమళం, ప్రమాదం

వట్టివేరుకు మరొక చిక్కు దాని పరిమళమే. వేళ్ళ నుండి తీసే తైలానికి అత్తరుల పరిశ్రమలో మంచి గిరాకీ ఉన్నది. ఆంధ్రతీరపు ఇసుక నేలలలో కొందరు రైతులు తైలం కోసం దీనిని పండిస్తున్నారు. చదునైన నేలలో అది మంచి పంటే. వాలు నేలలో మాత్రం అదే విపరీతమవుతుంది. తైలం కావలెనంటే వేరు త్రవ్వవలెను. వేరు త్రవ్వితే నేల గుల్లబారుతుంది. ఇండొనేషియాలోని జావా కొండలలో, కరీబియన్ ద్వీపమైన హైతీలో తైలం కోసం వాలు భూములలో వేళ్ళు పెకలించడం వలన కోత పెరిగిన అనుభవమున్నది. మన్నును పట్టి ఉంచే గుణమూ, మార్కెట్టులో ధర తెచ్చే గుణమూ ఒకే వేరులో ఉన్నవి. కాని రెండింటినీ ఒకే వరుస నుండి ఆశించరాదు. గట్టుకు నాటినది గట్టుకే ఉండవలెను.

అయితే రైతు ఏ రాబడీ లేని మొక్కకు చోటివ్వడు. ఈ చిక్కును విప్పే దారి తూర్పు కనుమలలో కనిపిస్తుంది. విశాఖ, విజయనగరం మన్యంలోని గిరిజనులకు కొండచీపురు గడ్డి చిరపరిచితం. దాని పూగెలలే చీపురుకట్టలై మైదానపు సంతలకు దిగివస్తాయి. ఈ గడ్డి కూడ దుబ్బుకట్టి వాలు నేలను పట్టి ఉంచుతుంది. పైగా వేరును కదల్చకుండ పూగెలను కోసి అమ్ముకోవచ్చును. ఒడిశాలోని కోరాపుట్‌లో గల కేంద్ర భూసంరక్షణ పరిశోధనా కేంద్రం ఇటువంటి స్థానిక గడ్డి వరుసలను కొండవాలు సేద్యంలో పరీక్షించినది. పోడు కొట్టిన కొండకు గడ్డి వరుస పూర్తి ప్రాయశ్చిత్తం కాదు గాని, అడవి మళ్ళీ లేవని చోట మన్నునైనా నిలుపుతుంది. ఒక్క గడ్డే అన్ని నేలలకూ పనికిరావలెనన్న నియమం లేదు. నీటిని నెమ్మదింపజేయడం సూత్రం. దానికి ఆ ఊరి నేలకు, ఆ ఊరి రైతు అవసరానికి ఏ గడ్డి తగునో అది నాటడం పద్ధతి.

డెల్టాకు దీనితో ఏమి పని?

ఇక్కడ కంకిపాడు రైతు ఒక ప్రశ్న వేయవచ్చును. ఎగువ మన్ను కొట్టుకొని రావడం వలననే తన పొలం ఏర్పడినది కదా, ఆ మన్నును ఎగువనే ఆపితే డెల్టాకు నష్టం కాదా? ఈ ప్రశ్న పైకి సమంజసంగానే ఉన్నది. కాని నేడు ఆ మన్ను డెల్టాకు రావడం లేదు.

కృష్ణానదికి అడ్డంగా విజయవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తయినది. దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బరాజు వెలసినది. ఇవి నీటిని కాలువలకు మళ్ళించేవి మాత్రమే. నదిని నిలవేసిన మహా జలాశయాలు ఎగువన వచ్చాయి: తుంగభద్ర, నాగార్జునసాగరం, శ్రీశైలం. ఆ జలాశయాలలో నిలిచిన నీరు మోసుకొచ్చిన బరువును అక్కడే దించివేస్తున్నది. కృష్ణానది తెచ్చే ఒండ్రు 1966-69 సంవత్సరాలలో ఏటా 90 లక్షల టన్నులు ఉండగా, 2000-2005 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయినదని 2010లో వెలువడిన ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల పరిశోధన తెలిపినది. ఒండ్రు రాక తగ్గిన తీరాన్ని సముద్రం తినివేస్తున్నది. 1965 నుండి 2008 వరకు కృష్ణా, గోదావరి డెల్టాల తీరం వెంబడి 76 చదరపు కిలోమీటర్ల నేల నికరంగా కోతకు గురియైనదని అదే పరిశోధన చెప్పినది.

కనుక ఎగువ చేలు దాటిన మన్ను దిగువ చేలకు చేరడం లేదు. నడుమ జలాశయాల అడుగున పడి ఉన్నది. శ్రీశైలం జలాశయం తొలి నిలువ 308 టి.ఎం.సి.లు, ఇప్పుడు లెక్కలో ఉన్నది సుమారు 216. నాగార్జునసాగరం తొలి నిలువ 408; ఇప్పుడు లెక్కలో ఉన్నది 312. రెండింటిలో కలిపి తగ్గినది సుమారు 188 టి.ఎం.సి.లు. బచావత్ న్యాయమండలి కృష్ణా డెల్టాకు కేటాయించిన నీరు 181.2 టి.ఎం.సి.లు. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూడవలెను. తగ్గిన చోటులో కొంత ఎన్నడూ వాడని అట్టడుగు నిలువలోనిదన్నది నిజమే. ఆ కారణంగా రెండూ నేరుగా సమానమని చెప్పరాదు. అయినా, డెల్టా మొత్తానికి ఒక ఏటికి కేటాయించినంత నీరు పట్టే చోటును మన్ను ఆక్రమించినదంటే, దాని గురుత్వం తెలియనివారు ఉండరు.

ఎగువ రైతు పొలంలో ఉన్నంతవరకు ఆ మన్ను ధనం. జలాశయం అడుగున పడిన తరువాత అదే భారం. ఎగువవానికి పంట లేదు, దిగువవానికి నీటి చోటు లేదు. గడ్డి వరుస వలన జలాశయాలలో ఇదివరకు పడిన పూడిక తొలగదు. సముద్రపు కోతకు కూడ అది మందు కాదు. కాని కొత్తగా వచ్చే పూడికను అది పుట్టినచోటనే తగ్గించగలదు. ఈ విషయంలో మెట్ట రైతు, మాగాణి రైతు ఒకే నావలోనివారు. మెట్ట రైతు తన పొలం నడుమ మూరెడు నేల వదలి గడ్డి నాటితే దాని ఫలంలో డెల్టాకు భాగం వస్తున్నది. కనుక ఆ ఖర్చులో కూడ డెల్టా భాగం పంచుకోవడం ధర్మం.

పాఠశాలలో ఒక ప్రయోగం

ఈ విషయాన్ని పిల్లలకు బోధించడానికి ఖరీదైన సాధనాలు అక్కరలేదు. రెండు చెక్కపెట్టెలలో మన్ను నింపి ఒకే వాలులో నిలిపి, ఒకదానిలో అడ్డంగా రెండు వరుసల గడ్డి గరికతో సహా పాతి, రెండింటి మీద ఒకే కొలత నీటిని పూలకుండీల జల్లెడ చెంబుతో పోస్తే సరిపోతుంది. క్రింద పెట్టిన గాజు పాత్రలలో చేరిన నీటి రంగే పాఠం చెబుతుంది. ఆ నీటిని తేరనిచ్చి, అడుగున మిగిలిన మన్నును ఎండబెట్టి తూచితే లెక్కల పాఠం కూడ అవుతుంది.

సమోన్నత రేఖను గుర్తించడం మరొక పాఠం. సమానమైన రెండు కర్రలను పైన కలిపి కట్టి, కాళ్ళు ఎడంగా ఉంచి, నడుమ ఒక అడ్డకర్ర బిగించి, శిఖరం నుండి రాయి కట్టిన దారం వ్రేలాడదీయవలెను. చదునునేల మీద నిలిపినప్పుడు దారం అడ్డకర్రను తాకేచోట గుర్తు పెట్టుకొంటే, వాలు మీద దారం ఆ గుర్తుకే వచ్చినప్పుడల్లా రెండు కాళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నట్లు. ఒక కాలిని కదలనీయక రెండవ కాలిని త్రిప్పుకొంటూ పోతే సమోన్నత రేఖ దానంతట అదే నేల మీద పడుతుంది.

ఇక లెక్క. వరుసకూ వరుసకూ నిలువున ఒక మీటరు తేడా ఉండవలెననుకొంటే, 5 శాతం వాలులో 20 మీటర్లకు ఒక వరుస, 10 శాతం వాలులో 10 మీటర్లకు ఒక వరుస వస్తాయి. పిలకలను 10 సెంటీమీటర్ల ఎడంలో నాటితే 100 మీటర్ల వరుసకు వేయి పిలకలు కావలెను. ఒక దుబ్బు నుండి అనేక పిలకలు వస్తాయి గనుక, పాఠశాల తోట మూలలో ఒక చిన్న మడి వేసుకొన్నా కొద్ది ఏండ్లలో ఊరి గట్లకు సరిపోయే నారు తయారవుతుంది. డెల్టా గ్రామాలలో వాలు పొలాలు లేకపోయినా పంటకాలువ గట్లు, చెరువు గట్లు, డొంకల అంచులు ఉన్నవి. నీడ లేనిచోట అవి కూడ ఈ గడ్డికి తగినవే.

గడ్డిపోచను అల్పత్వానికి గుర్తుగా చెప్పడం లోకంలో వాడుక. ‘తృణప్రాయం’ అన్న మాట అట్లా వచ్చినదే. కాని అదే లోకం గడ్డిపోచలు పేని మదపుటేనుగును కట్టవచ్చునని కూడ అన్నది. వాలు పొలంలో వాన నీరు ఏనుగుకు తీసిపోదు. దానిని ఎదిరించి నిలపడం గడ్డికి చేతకాదు. నడక నేర్పడం చేతనవును. నడక నేర్చిన నీరు మన్నును వదలి, నేలలో ఇంకి, మిగిలినది తేటగా నదిలోకి దిగుతుంది. ఆ తేటనీరు పట్టడానికి జలాశయంలో చోటున్నంతకాలమే కంకిపాడు కాలువలకు నిండు ప్రవాహం ఉంటుంది.